డెబ్బై ఒకటో నంబరు

ఆర్విల్ టాకెట్ అంటే ఎవరో ఆయిల్‌డేల్‌లో చాలామందికి తెలియదు. గేర్ల ఆర్విల్ అంటే మాత్రం చమురు బావుల మీద పనిచేసేవాళ్లు కూడా ఇంటికి దారి చూపిస్తారు. అతని గ్యారేజీలో మూడు గోడల నిండా గేర్ రాడ్లే. గేరు స్టీరింగు పక్కన ఉండటం ముసలివాళ్ల వ్యవహారమని కుర్రాళ్లు అనుకున్న రోజుల్లో, కొత్త కారు నేలకు కన్నం కోసి మరీ బిగించుకున్న ఫ్లోర్ గేర్లు అవి. నూట ముప్పై పైచిలుకు ఉంటాయి. ఒకదాని చివర బిలియర్డ్స్ బంతి ఉంటుంది, ఇంకోదానికి ఏ బారులోంచో ఊడబెరికిన బీరు కుళాయి పిడి. ఆర్విల్‌కు ఏ రాడ్డు ఏ కారుదో, ఏ సంవత్సరం ఎవడి చేతిలో తిరిగిందో మొత్తం నోటికి వచ్చు.

“ఇది లెరాయ్ హాక్స్‌ది,” అనేవాడు ఎవరైనా చూడటానికి వస్తే. “వంపు చూశావా? మూడో గేరు వేస్తే పిడి పక్కన కూర్చున్న పిల్ల మోకాలికి తగిలేది. ఆ పిల్లనే చేసుకున్నాడు. రాడ్డు తిన్నగా ఉండుంటే బతికిపోయేవాణ్ణని ఇప్పటికీ ఏడుస్తాడు.”

వాకిలికి ఎదురుగోడ మీద, మంచి వెలుతురు పడే చోట, తొమ్మిది గేర్లు ఒకే వరసలో ఉండేవి. అవి గ్రైమ్స్ గేర్లు. హోబర్ట్ గ్రైమ్స్ ఈ ఊళ్లోనే రేకుల షెడ్డులో తయారుచేసి అమ్మినవి. హోబర్ట్ ఆర్విల్‌కు మొదట యజమాని, తర్వాత మామగారు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆయన కూతురు ఓలీటా ఆ తొమ్మిదింటినీ ప్రతి ఆదివారం మెత్తని గుడ్డతో తుడిచేది. తన తండ్రి పేరు ఊరంతా మరిచిపోయినా మొగుడు మాత్రం గుండెల్లో పెట్టుకున్నాడని ఆమెకు గర్వం.

పనిబల్ల కింద తాళం వేసిన ఒక సైనికుల ఇనప్పెట్టె ఉండేది. అందులో ఏదో తుక్కు ఉందని ఓలీటా అనుకునేది. అందులో ఉన్నవి కూడా గ్రైమ్స్ గేర్లే, ఇరవై. వాటి అడుగు రేకు మీద కొట్టిన నంబర్లు అరవై ఒకటికీ ఎనభై రెండుకీ మధ్యవి. ఆ వరసలో మొత్తం ఇరవై రెండు. అరవై నాలుగో నంబరు డెల్మర్ స్ట్రౌడ్ కారుతోపాటే నాశనమైంది. మిగిలిన ఒక్కదాని కోసం ఆర్విల్ ముప్పై ఆరేళ్లుగా వెతుకుతున్నాడు.

తొంభై ఎనిమిది జనవరిలో, పొగమంచు లోయను పట్టి పదిరోజులుగా వదలని ఒక ఆదివారం, తిరునాళ్ల మైదానంలో పాత సామాన్ల సంత జరిగింది. పదడుగుల అవతల మనిషి కనపడటం లేదు. ఆర్విల్ ఒక బల్ల ముందు వంగి తుప్పుపట్టిన లింకు రాడ్లు కెలుకుతుంటే వెనకనుంచి ఎవరో భుజం తట్టారు.

“ఏం పెద్దాయనా, ఇంకా గోడ ఖాళీ ఉందా?”

మార్లా కెసాడా. ముప్పై రెండేళ్లది. చమురు గొట్టాలు వెల్డింగ్ చేస్తుంది. తండ్రి వదిలిపోయిన పాత రెండు తలుపుల కూపే కారుని నాలుగేళ్లుగా సొంత చేతుల్తో పందేనికి సిద్ధం చేసుకుంటోంది. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో సగం తిన్న మొక్కజొన్న తమాలే.

“ఖాళీ లేకపోతే పడకగది గోడ ఉందిగా,” అన్నాడు ఆర్విల్.

“ఓలీటా గారు నిన్ను బయట పడుకోబెడతారులే. ఇది విను. బటన్‌విల్లోలో ఓ ముసలాయన దొడ్లో దుమ్ము కొట్టుకుపోయిన కారు కొన్నాను, విడిభాగాల కోసం. నేల మీద ఏం బిగించి ఉందో చెప్పుకో.”

“చెప్పు.”

“మీ మామగారి గేరు! అసలుసిసలు గ్రైమ్స్. తీసి నా కూపేకి బిగించేశాను. వచ్చే శనివారం పావు మైలు పరిగెత్తిస్తున్నా.”

ఆర్విల్ చేతిలోని రాడ్డు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. “నంబరు చూశావా?”

“చూడకుండా ఉంటానా? డెబ్బై ఒకటి.”

మంచులో ఎక్కడో ఎవరో ఇంజను స్టార్టు చేశారు. ఆ చప్పుడు ఏవైపునుంచి వస్తోందో కూడా తెలియలేదు.

“అది నాకిచ్చెయ్,” అన్నాడు ఆర్విల్. “గోడ మీద నీకు నచ్చినవి ఏవైనా తీసుకో. రెండు తీసుకో. మూడు.”

మార్లా నవ్వింది. “ఓరి నాయనో! ఒక్కదానికి మూడా? అంటే ఇందులో ఏదో ఉంది. అయితే అస్సలివ్వను.”

ఆ వారమంతా ఆర్విల్‌కు తిండి సయించలేదు. మంగళవారం పని మీద వచ్చినట్టు నటిస్తూ మార్లా షెడ్డుకి వెళ్లాడు. ఎర్ర కూపే, తలుపు తీసే ఉంది. అడగకుండానే లోపల కూర్చుని గేరు పిడి మీద చెయ్యి వేశాడు. మొదటి గేరు ఎడమవైపు కిందికి లాగాలి. అక్కణ్ణుంచి పైకి తోస్తూ కుడికి దాటిస్తే రెండోది. కుడికి దాటకుండా తిన్నగా పైకి తోస్తే రివర్సు. ఆ దాటించే పని చేసేది లోపలున్న చిటికెనవేలంత మేకు ఒక్కటే. ఆ మేకు అరిగిపోతే, పందెంలో గుండె బలంకొద్దీ తోసినప్పుడు, గేరు కుడికి దాటదు.

అతను నెమ్మదిగా తోసి చూశాడు. రెండో గేరు పడింది. మళ్లీ తోశాడు. మళ్లీ పడింది. చేతికి ఏదో వదులు తగిలిందో, తన భయమో తెలియలేదు.

“బుష్షులన్నీ కొత్తవి వేశాను,” అంది మార్లా, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. “ఏంటి, నా పనితనం పరీక్ష చేస్తున్నావా?”

“లోపలి మేకు మార్చావా?”

“అది బిగువుగా ఉంది, ఎందుకు తియ్యడం?”

“తియ్యి. మార్చు. అది... మెత్తటిది అయ్యుండొచ్చు.”

మార్లా అతని ముఖంలోకి చూసింది. “ఊళ్లో వాళ్లు చెప్పేదేగా? గ్రైమ్స్ గేరు మనిషిని చంపిందని మా నాన్న కూడా అనేవాడు. అల్లుడివి, నువ్వు కూడా నమ్ముతావా ఆ మాట?”

ఆర్విల్ గేరు పిడి మీంచి చెయ్యి తీశాడు.

“సరే, ఇది చెప్పు. అన్ని గ్రైమ్స్ గేర్లూ గోడకి తగిలించుకున్నవాడివి, ఈ డెబ్బై ఒకటిలో మేకు మెత్తనని నీకెలా తెలుసు?”

ఒక్క మాట చెబితే సరిపోయేది. “ఊరికే, అనుమానం,” అని కారు దిగి వెళ్లిపోయాడు.

అతనికి తెలియడానికి కారణం అతనే. యాభై ఎనిమిది ఆగస్టు, శుక్రవారం, రేకుల షెడ్డులో పెనం మీద నిలబడినట్టుంది. హోబర్ట్ లాస్ ఏంజలస్ వెళుతూ, ఇరవై రెండు మేకులు కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచి పెట్టమన్నాడు. అలా చేస్తేనే ఉక్కు గట్టిపడేది. పంతొమ్మిదేళ్ల ఆర్విల్‌కు కొలిమి దగ్గర మూడు గంటల పని అది. బయట స్నేహితుడు డెల్మర్ కారులో కూర్చుని హారన్ మోగిస్తున్నాడు, నదికి ఈతకి పోదాం రమ్మని. ఆర్విల్ మేకులకు మాడిన నూనె పూసి నల్లగా చేసి, పని అయిపోయినవి పెట్టే అర మీద పెట్టాడు. సోమవారం పొద్దున్నే వచ్చి అసలు పని చేద్దామనుకున్నాడు. కాని ఆదివారం హోబర్ట్ ఒక్కడే వచ్చి ఇరవై రెండూ బిగించేశాడు. ఎవరికీ ఏమీ కాకపోవచ్చు అనుకున్నాడు ఆర్విల్. ఆ తర్వాత రోజుకో కారణం చెప్పుకున్నాడు.

అరవై ఒకటి మార్చిలో డెల్మర్ పందెం దారి మీద మొదటి గేరులోంచి రెండోది తోశాడు. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. కారు నాలుగు పల్టీలు కొట్టింది. గ్రైమ్స్ గేరు తప్పన్నారు అందరూ. హోబర్ట్ ఒక్క మాట మాట్లాడలేదు. షెడ్డు మూసేసి ఊరి బడిలో బాయిలర్ పనికి కుదిరాడు. మరుసటి ఏడు కూతుర్ని ఆర్విల్‌కిచ్చి పెళ్లి చేశాడు.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఓలీటా అంది: “రేపు నేనూ వస్తున్నా.”

“ఎందుకు? మంచు. చలి.”

“ఎందుకేంటి? నాన్న చేసిన గేరు ముప్పై ఏడేళ్ల తర్వాత పరిగెడుతుంటే ఇంట్లో కూర్చుని దుప్పట్లు మడతపెట్టుకోమంటావా? ఊళ్లోవాళ్లు ఏమన్నారో అన్నీ విన్నాను. రేపు వాళ్ల ముందే అది తిన్నగా పరిగెడితే చూడాలి.”

ఆర్విల్ చెంచా కింద పెట్టేశాడు. “ఒంట్లో బాగోలేదా?” అంది. బాగానే ఉందన్నాడు.

శనివారం పన్నెండు దాటాక గాని మంచు లేవలేదు. అప్పుడు కూడా పూర్తిగా పోలేదు. పందెం దారి చివర బాదం తోట మీద తెల్లటి గోడలా ఆగింది. పొద్దుట్నుంచి చలికి ఆగిన కార్లన్నీ ఒకేసారి రొద మొదలెట్టాయి. మార్లా ఎర్ర కూపే వరసలో ఏడోది. తర్వాత ఆరోది. తర్వాత నాలుగోది.

ఓలీటా కంచె దగ్గర తండ్రి పాత ఉన్ని కోటు కప్పుకుని నిలబడింది. ఆర్విల్ పక్కనే ఉన్నాడు. జేబులో ఆకురాయి ఉంది. ఎందుకు తెచ్చుకున్నాడో తనకి తెలుసు. దాన్ని వాడే ధైర్యం వస్తుందో లేదో మాత్రం తెలియదు. ముందున్న కారు దూసుకుపోయింది. మూడోది.

మార్లా హెల్మెట్ పెట్టుకుంది.

ఆర్విల్ కంచె తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. కూపే ముందుకొచ్చి రెండు చేతులూ బానెట్ మీద పెట్టి నిలబడ్డాడు. ఎవరో అరిచారు, “ముసలాడా, పక్కకి తప్పుకో!” అని. వెనక కార్లు హారన్లు కొట్టాయి. అతను చేతులు తియ్యలేదు.

మార్లా కిటికీలోంచి తల బయటపెట్టింది. “పిచ్చెక్కిందా నీకు? నా వంతు పోతుంది!”

“పోనీ. కారు పక్కకి తియ్యి. ఆ మేకు మెత్తటిది. నాకు తెలుసు. కొలిమిలో పెట్టాల్సింది నేనే. పెట్టలేదు. పెట్టినట్టు నటించాను.”

“ఏమంటున్నావ్?”

“డెల్మర్‌ని చంపింది ఆ మేకే. గ్రైమ్స్ గారి తప్పేం లేదు. నాది.”

అతను అరిచే చెప్పాడు, ఆ రొదలో వినపడాలని. సరిగ్గా అప్పుడు ఇంజన్లు ఆపేశారు. చివరి మాట మైదానమంతా వినపడింది. తల తిప్పి చూస్తే ఓలీటా కంచె ఇవతలకి వచ్చేసి ఉంది, నాలుగడుగుల దూరంలో.

మార్లా కారు పక్కకి తీసింది.

సీటు తీసి, నాలుగు బోల్టులు విప్పి, గేరు బయటకి తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చుట్టూ జనం చేరారు. మార్లా మేకుని సుత్తితో తట్టి బయటకి తోసి, గుడ్డ మీద పెట్టింది. “నువ్వే చూసుకో,” అంది.

ఆర్విల్ ఆకురాయి తీసి మేకు మీద లాగాడు. మెత్తటి ఉక్కు అయితే ఆకురాయి కరుచుకుని పొడి రాలుతుంది. ఇక్కడ జర్రున జారిపోయింది. మళ్లీ లాగాడు. గాజు మీద లాగినట్టు జారింది. ఎక్కడా అరుగుదల లేదు. గట్టిగా కాల్చిన మేకు అది.

“ఇది రాయిలా ఉందయ్యా,” అంది మార్లా. “ఏంటి ఈ నాటకం?”

అతనికి అర్థం కాలేదు. నంబరు చూశాడు. డెబ్బై ఒకటే.

ఓలీటా వంగి మేకు చేతిలోకి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని దాని చివర చూసింది. మూడు చిన్న చుక్కలు, ఉలితో కొట్టినవి.

“నాన్న గుర్తు,” అంది. “బాగుచేసిన ప్రతిదాని మీదా కొట్టేవాడు. అమ్మ కాఫీ గిన్నె పిడి మీద కూడా.” తర్వాత తనలో తను అనుకున్నట్టు చెప్పింది. “డెల్మర్ పోయాక ఏడాదిపాటు ప్రతి ఆదివారం పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్లేవాడు. ఎక్కడికని అమ్మ అడిగితే చెప్పేవాడు కాదు. ఒకసారి నుదురు పగిలి వచ్చాడు. ఎవరో తలుపు ముఖాన కొట్టారట. జనాన్ని క్షమించమని అడగటానికి వెళ్తున్నాడనుకున్నాం. మేకులు మారుస్తున్నాడు.”

ఆర్విల్ కారు అంచు పట్టుకున్నాడు.

“అంటే ఆయనకి తెలుసు,” అంది ఓలీటా. “ఎవరు చేశారో కూడా తెలుసు. కొలిమి పని నీది కదా. తెలిసే నన్ను నీకిచ్చాడు.”

మార్లా గడియారం చూసుకుంది. “అమ్మా, ఇంతకీ... నేను పరిగెత్తొచ్చా?”

“పరిగెత్తు,” అంది ఓలీటా. “నాన్న బాగుచేసినదానికి ఏమీ కాదు.”

మళ్లీ బిగించి వరసలో నిలబడేసరికి మూడైంది. ఎర్ర కూపే కదిలినప్పుడు ఆర్విల్ కళ్లు మూసుకున్నాడు. మొదటి గేరులో ఇంజను ఏడుపు పెరిగి పెరిగి, ఒక్క క్షణం తెగింది. తర్వాత గొంతు మారి, రెండో గేరులో మళ్లీ అందుకుంది. కారు మంచు గోడలోకి వెళ్లి మాయమైంది. చాలాసేపటికి నెమ్మదిగా తిరిగొచ్చింది.

ఇంటికి ఓలీటాయే బండి నడిపింది. దిగగానే గ్యారేజీలోకి వెళ్లి పనిబల్ల కింద పెట్టెని కాలితో తోసింది. “ఇందులో ఏముంది?”

“మిగతావి.”

“తెరువు.”

ఇన్నేళ్లలో ఆర్విల్ వాటిని ఒక్కసారి కూడా విప్పలేదు. నంబరు చూసి, పెట్టెలో వేసి, తాళం వేసేవాడు. ఇప్పుడు ఒక్కొక్కటి విప్పుతూ మేకు తీసి ఆకురాయి పెడుతుంటే ఓలీటా ఎదురుగా నిలబడి చూసింది. జారింది. జారింది. కరుచుకుంది. జారింది. చీకటి పడేలోపు ఇరవై అయ్యాయి. పద్నాలుగింటి మీద మూడు చుక్కలు ఉన్నాయి. ఆరు మెత్తనివి. ఒకదాని మేకు సగానికి అరిగి, పెన్సిలు మొనలా ఉంది.

ఆ ఆరూ ఊరు దాటి పోయినవి. ఫ్రెస్నో, రీనో, అవతల టెక్సాస్. హోబర్ట్ కాళ్లకు అందనివి. అరిగిపోయిన ఆ ఒక్కదాని కారులో ఎవరు తిరిగారో, చివరికి ఏమైందో ఆర్విల్‌కి తెలియదు. విడిగా ఒక డబ్బాలో దొరికింది అది. కారు ఏదని ఆరోజు అడగలేదు. అడగాలనిపించలేదు.

“దీనిది?” అంది ఓలీటా దాన్ని చూపిస్తూ. ఏ గేరు ఏ కారుదో నోటికి చెప్పే మనిషి నేల చూశాడు.

“నాన్న తిరిగి తిరిగి మార్చాడు,” అంది ఆమె. “నువ్వు ఏరి ఏరి దాచావు. తేడా తెలుస్తోందా నీకు?”

“తెలుస్తోంది.”

“ఆయన్ని ఊరంతా హంతకుణ్ణి చూసినట్టు చూస్తుంటే నువ్వు ఆ పక్కనే కూర్చుని ఆయన కంచంలోంచి మొక్కజొన్న రొట్టె తుంచుకుని తిన్నావు. పాతికేళ్లు తిన్నావు.” ఆమె గొంతు పెంచలేదు. “సోమవారం నాడీన్ దగ్గరికి వెళ్లు. ఆమెకి చెప్పు. నేను రాను.”

నాడీన్ డెల్మర్ చెల్లెలు. టాఫ్ట్‌లో ఒక్కతే ఉంటుంది. సోమవారం మంచు మళ్లీ దిగింది. దారి పక్కన చమురు పంపులు కనపడటం లేదు గాని వాటి మూలుగు వినిపిస్తోంది. నాడీన్ దోమల జాలీ తలుపు తియ్యకుండానే మొత్తం విన్నది. ఆర్విల్ టోపీ చేత్తో పట్టుకుని వసారాలో నిలబడే చెప్పాడు.

“హోబర్ట్‌కి తెలుసా ఇది నువ్వు చేశావని?”

“తెలుసు.”

“నేనాయన ముఖాన ఉమ్మేశాను,” అంది నాడీన్. “పోస్టాఫీసు మెట్ల మీద, అందరూ చూస్తుండగా. ఆయన చేతిరుమాలుతో తుడుచుకుని, మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకుని దిగమ్మా అన్నాడు.” జాలీ వెనక ఆమె ముఖం సరిగా కనిపించలేదు. “ఆరోజు నువ్వు ఆయన పక్కనే ఉన్నావు. గుర్తుందా?”

“ఉంది.”

“వెళ్లిపో.”

ఇంటికొచ్చేసరికి ఓలీటా వంటింట్లో ఉంది. “చెప్పావా?” అంది. చెప్పానన్నాడు. అతని దుప్పటి, దిండు ముందు గదిలో సోఫా మీద ఉన్నాయి. ఆ వారమే పాత కార్ల క్లబ్బు పత్రికకి జరిగిందంతా ఉత్తరం రాసి సంతకం పెట్టాడు, ఆరు నంబర్లతో సహా. జవాబులు వచ్చాయి. కొన్ని తిట్లు. రీనో నుంచి ఒకామె పేరు రాయకుండా, డెబ్బైల్లో ఇలాంటి గేరున్న కారులో తన కొడుకు పోయాడని, అది ఇదేనా అని అడిగింది. చిరునామా లేదు. ఆ ఉత్తరం ఆర్విల్ జేబులో మడతలు పడి చిరిగేదాకా ఉంది.

ఫిబ్రవరి చివర ఒక పొద్దున ఫోను మోగింది. నాడీన్. ఆర్విల్‌తో మాట్లాడలేదు, ఓలీటాని పిలవమంది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. ఫోను పెట్టేసి ఓలీటా కోటు వేసుకుంది. “నాడీన్‌ని ఎక్కించుకుని నాన్న సమాధి దగ్గరికి తీసుకెళ్లాలి. మంచులో నేను నడపలేను. నువ్వు నడుపు.”

దారిలో ఆడవాళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. శ్మశానం గేటు దగ్గర ఆర్విల్ ఇంజను ఆపి తలుపు తియ్యబోయాడు.

“నువ్వు దిగొద్దు,” అంది ఓలీటా.

అతను తలుపు మూసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తడి గడ్డి మీద నెమ్మదిగా నడిచి మంచులోకి వెళ్లారు. గంటసేపు వాళ్ల మాటలు లీలగా వినిపిస్తూనే ఉన్నాయి. ఏమనుకుంటున్నారో మాత్రం తెలియలేదు.